సరింతెన్ అవ్వ త్రేన్పు

సరింతెన్ అవ్వ ఎవరి పిక్క పిసికినా త్రేన్పు మాత్రం ఆవిడకే వస్తుంది. పిక్క మీది, నొప్పి మీది, అరుపు మీది, త్రేన్పు ఆవిడది. అదేం విడ్డూరమని అడిగితే, మీ ఒంట్లో ఇరుక్కున్న గాలి తన బొటనవేళ్లలోంచి దూరి, మోచేతుల మీదుగా పైకి పాకి, తన నోట్లోంచి బయటికి పోతుందని చెబుతుంది. జావాలో ఒళ్లు పట్టేవాళ్లు చాలామందికి ఈ త్రేన్పులు మామూలే. కానీ క్లాతెన్ పట్నం పక్కనున్న ఆ పేటలో సరింతెన్ అవ్వ త్రేన్చిందంటే వీధి చివర కట్టేసిన మేక కూడా మేత మాని తల ఎత్తి చూస్తుంది.

మనిషి చూడబోతే బక్కపలచన. నడుముకి రంగు వెలిసిన బాతిక్ గుడ్డ, బుగ్గన తమలపాకు, చంకలో అల్లం దంచి కాచిన కొబ్బరి నూనె సీసా. అంత చిన్న ఒంట్లో అంత పెద్ద చప్పుడు ఎక్కడ కాపురం ఉంటుందో ఎవరికీ అంతుపట్టలేదు.

పేటవాళ్లు జబ్బుని త్రేన్పుని బట్టే కొలుచుకునేవాళ్లు. పొట్టిగా ఒకటి వస్తే మామూలు పట్టు, వేడి టీ తాగి పనిలోకి పోవచ్చు. సాగదీసి వస్తే ఆ పూటకి సెలవు. ఒకదాని వెనక ఒకటి గొలుసుకట్టుగా వచ్చాయంటే ఇరుగుపొరుగు గిన్నెల్లో కూరలు పట్టుకుని బయలుదేరిపోవలసిందే. ప్రార్థనకి కూర్చున్న చోట అవ్వ ఉన్నట్టుండి త్రేన్చి, "ఇక్కడెవరికో ఒంట్లో బాగాలేదు. ఎవరికర్రా?" అని చుట్టూ చూసేది. బాగున్నవాళ్లు కూడా భుజాలు తడుముకునేవాళ్లు.

పేటంతా కలిసి కాలవ పూడిక తీసే రోజున, రిక్షా తొక్కే కస్మిన్ కుంటుకుంటూ అవ్వ గుమ్మంలోకి వచ్చాడు.

"అవ్వా, పిక్క పట్టేసింది. ప్రాణం పోతోంది."

"ఏ కాలు?"

"కుడి... కాదు కాదు, ఎడమ."

అవ్వ రెండు కాళ్లూ పిసికింది. కస్మిన్ నొప్పి సంగతి మరిచిపోయి ఆశగా ఆవిడ నోటివంకే చూస్తున్నాడు.

"రావడం లేదా అవ్వా?"

"రాదురా. నీ ఒంట్లో గాలి లేదు. ఉన్నదంతా బద్ధకం. అది నోట్లోంచి వచ్చే రకం కాదు."

"కాస్త గట్టిగా ప్రయత్నించు, నీకు పుణ్యముంటుంది."

"గట్టిగా ప్రయత్నిస్తే నా చెప్పు వస్తుంది. పోయి కాలవ తవ్వు."

కస్మిన్ కాలవ తవ్వాడు. తవ్వినంతసేపూ సణిగాడు. కానీ ఆ రోజునుంచి పేటలో అవ్వకి వాడిని మించిన సాక్షి లేకుండా పోయాడు. "అవ్వ త్రేన్పు అబద్ధం చెప్పదు. నేను బతిమాలినా రాలేదు మరి!" అని రిక్షా ఎక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆ పేటకి కోడలిగా వచ్చిన రుమిని అవ్వని మొదటిసారి చూసింది తన పెళ్లి పీటల మీదనే. వధూవరులు పెద్దవాళ్ల ముందు గొంతుకూర్చుని, వాళ్ల మోకాళ్లకి తల ఆనించి దీవెన అడగాలి. పెళ్లికొడుకు పర్యో తల్లి ముందు కూర్చుని తల వంచాడు. తల్లి దర్సియెమ్‌కి మైకు అందించారు. ఆవిడ సోయా గింజలు పులియబెట్టి తెంపె చేసి అమ్మే ఇంటికి యజమానురాలు. మాట పొదుపు, పని గట్టి. ఆవిడ నోట రెండు ముక్కలు వస్తే గొప్పే అనుకున్నారంతా.

బిగించి కట్టిన పెళ్లిబట్టలో గొంతుకూర్చున్న పర్యోకి పిక్క పట్టేసింది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. భుజాలు వణికాయి. పెళ్లికొచ్చినవాళ్లు "ఎంత భక్తో తల్లంటే!" అని ముక్కు మీద వేలేసుకున్నారు. దర్సియెమ్ కూడా కరిగిపోయి, రెండు ముక్కలతో ఆపకుండా కొడుకు పుట్టిననాటినుంచి మొదలుపెట్టింది.

"అమ్మా, పిక్క..." అన్నాడు పర్యో పళ్ల మధ్యనుంచి.

"ఏడవకు నాయనా," అంది తల్లి, మైకులో.

అప్పుడు పెద్దవాళ్ల వరసలోంచి సరింతెన్ అవ్వ లేచి గబగబా వచ్చింది. పెళ్లికొడుకుని వెల్లకిలా పడేసి, పట్టుగుడ్డ మోకాలి పైకి లాగి, మడమ అరచేతిలో ఇరికించుకుని, కాలివేళ్లని పైకి వంచి నొక్కింది. పిక్క వదిలింది. వదిలిన గాలి రావలసిన చోటునుంచే వచ్చింది. మైకు పక్కనే ఉంది. ఆ త్రేన్పు కొబ్బరిచెట్లకి కట్టిన లౌడ్‌స్పీకర్లన్నిట్లోంచీ మోగి పక్క ఊరిదాకా పోయింది. ఆ ఊరివాళ్లు ఏదో కొత్తరకం వాయిద్యం తెప్పించారనుకున్నారట.

రుమిని పెళ్లికూతురి సిగ్గంతా గాలికొదిలి పకపకా నవ్వింది. అత్తగారింట్లో ఆమె నవ్విన మొదటి నవ్వు అదే. దర్సియెమ్ మాత్రం మైకు భుజం మీది గుడ్డతో తుడిచి, వదిలిన చోటినుంచి ప్రసంగం ఎత్తుకుంది.

తెంపె ఇల్లంటే మాటలు కాదు. సోయా గింజలు ఉడకబెట్టి, తొట్టిలో చల్లటి నీళ్లలో పోసి, తొక్క ఊడేదాకా కాళ్లతో తొక్కాలి. తరవాత ఆరబెట్టి, అరటాకుల్లో పొట్లాలు కట్టి పులియబెట్టాలి. ఆ ఇంట్లో తొక్కే పని ఎప్పుడూ కోడలిదే. తెల్లారకుండా తొట్టిలో దిగితే ఎండ వాకిట్లోకి వచ్చేదాకా తొక్కుడే. రుమిని ఎప్పుడైనా కాళ్లు నొప్పులంటే దర్సియెమ్ దగ్గర ఒకటే జవాబు.

"ఇన్నేళ్లూ నేను తొక్కలేదూ?"

వాన పడినా, జలుబు చేసినా, పుట్టింటి మీద బెంగ పుట్టినా ఆ జవాబే. నేను తొక్కలేదూ? దానికి ఎదురుచెప్పే మొనగాడు ఆ ఇంట్లో లేడు. పర్యో ఉన్నాడు గానీ, వాడు మోటార్ సైకిల్ మీద పొట్లాలు వేసుకుని బజారుకి పారిపోయేవాడు.

పెళ్లయిన మరుసటి ఏడు రుమిని నెల తప్పింది. దర్సియెమ్ అంతటి మనిషి పొంగిపోయి, వీధంతా తిరిగి ఇంటింటికీ తెంపె వేపుడు పంచి కబురు చెప్పింది. ఆ కడుపు నిలవలేదు. వేపుడు తిన్నవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి పరామర్శించి వెళ్లారు. అలా రావడం మంచితనమే. కానీ ఆ పరామర్శలకి జవాబు చెప్పి చెప్పి రుమిని సగమైపోయింది.

అందుకే మళ్లీ నెల తప్పినప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదు. పర్యో నోట్లో నువ్వుగింజ నానదు, వాడికి చెబితే బజారంతటికీ చెప్పినట్టే. పొట్ట కనబడేదాకా గుట్టుగా ఉండాలనుకుంది. కానీ తొట్టిలో దిగినప్పుడల్లా అంచు గట్టిగా పట్టుకునే తొక్కేది. చల్లనీళ్లు, జారే గింజలు, పట్టేసే పిక్కలు. ఎక్కడ కాలు జారుతుందో, ఎక్కడ ఇదీ చేజారుతుందో అని భయం. తొక్కనని చెప్పాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే నోరు రాదు.

ఒకరోజు పొద్దున తొక్కుతూ ఉండగానే రెండు పిక్కలూ ఒక్కసారి రాళ్లలా బిగుసుకున్నాయి. తొట్టి అంచు పట్టుకుని కూలబడింది. నొప్పి కాళ్లలో ఉంటే చెయ్యి మాత్రం పొట్ట మీదికి పోయింది. అరటాకులు కోస్తున్న దర్సియెమ్ కత్తి ఆపి అటు చూసింది. రుమిని చప్పున చెయ్యి తీసేసింది.

"ఏమైంది?"

"ఏం లేదత్తమ్మా. పిక్క."

"పిక్కకే కూలబడతారా? నేను తొక్కలేదూ?" అని కొడుకుని కేకేసింది దర్సియెమ్. "ఒరేయ్ పర్యో! పోయి అవ్వని వెంటబెట్టుకురా. ఈవిడగారి పిక్కల్లో ఏముందో తేలిపోతుంది. ఏమీ లేదని తేలిందో, రెండో తొట్టి కూడా ఈవిడచేతే తొక్కిస్తాను."

రుమినికి పై ప్రాణాలు పైనే పోయాయి. అవ్వ త్రేన్పు అబద్ధం చెప్పదని పేటంతా కోడై కూస్తోంది. కస్మిన్‌కి రానట్టే తనకీ రాకపోతే?

అవ్వ వచ్చింది. గదిలో చాప పరిచి, సీసా మూత తీసింది.

"బోర్లా పడుకో పిల్లా."

రుమిని పక్కకి తిరిగి పడుకుంది.

"బోర్లా అన్నాను."

"నాకు ఇలాగే అలవాటవ్వా."

"పోయిన వానలప్పుడు నడుం పట్టిందని పిలిస్తే కప్పలా బోర్లా పడుకున్నావు. ఈ అలవాటు ఎప్పట్నించి?"

అవ్వ ఆమె మొహం చూసింది. పొట్టకి అడ్డంగా పెట్టుకున్న మోచేయి చూసింది. మళ్లీ ప్రశ్న వేయలేదు. మడమ అరచేతిలోకి తీసుకుని, వేళ్లని మెల్లగా పైకి వంచి పట్టుకుంది. రెండో చేత్తో వెచ్చటి నూనె చీలమండ నుంచి మోకాలి దాకా సాగదీసి రాసింది. ఎవరినైనా పిండి ఆరేసే మనిషి, ఆ రోజు పసిపిల్ల కాళ్లు పట్టినట్టు పట్టింది. నడుం జోలికే పోలేదు. ముడి పడ్డ కండ ఒక్కో పోగే వదులుతూ ఉంటే రుమినికి హాయిగా ఉంది, ఏడుపూ వస్తోంది. త్రేన్పు లేకుండానే పిక్క వదిలిపోతోంది, ఇంక అది రాదేమోనన్న దిగులు ఇంకోపక్క.

గుమ్మంలో దర్సియెమ్ కత్తి చేతపట్టుకునే నిలబడింది. "ఏమంటోంది గాలి?"

అవ్వ కళ్లు మూసుకుంది. మెడ కాస్త ముందుకి చాచింది. ఆ తరవాత వచ్చిన చప్పుడుకి పెరట్లో కోళ్లు లేచి గోడెక్కాయి. దూలం మీది దుమ్ము రాలింది. మేక అరిచింది. వీధిలోంచి కస్మిన్ గొంతు వినబడింది. "అమ్మ బాబోయ్, ఎవరికండీ అంత పెద్దది?"

"ఇది అలాంటిలాంటి గాలి కాదు," అంది అవ్వ నుదురు తుడుచుకుంటూ. "తొట్టిలో చల్లదనం అరికాళ్లలోంచి ఎక్కి పిక్కల్లో తిష్ఠ వేసింది. ఈ పిల్ల ఇంక తొట్టిలో అడుగుపెట్టకూడదు."

"ఎన్నాళ్లు?"

"నేను చెప్పేదాకా."

"గింజల బస్తా?"

"ఎత్తకూడదు."

"పొట్లాలైనా కట్టొచ్చా, అదీ లేదా?"

"కూర్చుని కట్టొచ్చు. కాళ్లు చాపుకుని."

"నేను తొక్క..." అని మొదలుపెట్టింది దర్సియెమ్. అవ్వ ఇంకోటి వదిలింది. మాట మధ్యలోనే తెగిపోయింది. "సర్లే, గాలే చెప్పాక మనమెంత!" అని కత్తి పుచ్చుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదావిడ. కానీ ఆ సంతోషంలో రుమినికి అది తట్టలేదు.

అవ్వ ఆమె చెవి దగ్గరికి వంగింది. "ఇప్పుడు చెప్పు పిచ్చిదానా. ఎన్నో నెల?"

రుమిని కట్టలు తెంచుకుని ఏడ్చింది. "ఎవరితోనూ అనకవ్వా. పోయినసారి అందరికీ చెప్పాకే పోయింది."

"నేనెవరితో అంటానే? నా నోరు త్రేన్పులకే చాలడం లేదు."

"మరి ఇందాకటిది... అసలుదేనా?"

"సగం వాటంతట అవే వస్తాయి. సగం నేను పిలుస్తాను. ఏది ఏదో నీకెందుకు? పిక్క వదిలిందా లేదా?"

"వదిలింది."

"అయితే పోయి టీ పట్రా. ఉండుండు, నువ్వు లేవకు. ఒరేయ్ పర్యో, టీ!"

కాళ్లు చాపుకుని పొట్లాలు కడుతూ రుమినికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మొగుడు పోయిన తుమిరాకి గొలుసు త్రేన్పులు వచ్చినప్పుడు వీధంతా కూరలు మోసింది. ఆ వారమంతా ఆవిడింట్లో పొయ్యి వెలగలేదని తరవాత గదా తెలిసింది! చెల్లెలితో మాటలు మానేసిన వడ్రంగికి సాగదీసిన త్రేన్పు వచ్చిన పూట, వాడి భుజానికి రోజూ నూనె రాయాల్సింది చెల్లెలేనని అవ్వ తీర్పు చెప్పింది. పేటవాళ్లంతా నవ్వుకునే ఆ నోట్లోంచి ఎందరికి సెలవు దొరికిందో, ఎందరికి అన్నం దొరికిందో! నవ్వినవాళ్లలో తనూ ఉంది. రుమిని మనసులోనే అవ్వ పాదాలకి దండం పెట్టుకుంది.

సంతరోజు వచ్చిందంటే అవ్వ ఆ ఇంటికి వచ్చి, రుమిని పిక్కలు పట్టి, వీధి అదిరేలా సెలవు పొడిగించి వెళ్లేది. గింజలు మాత్రం వాటంతట అవి తొక్కుకోవు గదా. దర్సియెమ్ కట్టుగుడ్డ ఎగగట్టి తనే తొట్టిలో దిగింది. పొట్ట కనబడింది, పేటంతా చూసింది, ఏడో నెల వేడుక కూడా అయింది. దర్సియెమ్ ఇంటింటికీ తిరగలేదు, వేపుడు పంచలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున్నే తొట్టిలో దిగడం, ఎక్కడం, అంతే.

నెలలు నిండే వేళకి దర్సియెమ్ నడక మారింది. అరుగు ఎక్కుతూ స్తంభం పట్టుకునేది. ఎవరూ చూడటం లేదనుకుని పిక్కలు గోడకేసి రుద్దుకునేది.

"కొన్నాళ్లు మానెయ్యండత్తమ్మా," అంది రుమిని.

"నేను తొక్క..." అనబోయి, ఇప్పుడు తొక్కుతున్నది తనేనని గుర్తొచ్చి ఊరుకుంది.

చెబితే వినే మనిషి కాదు. రుమిని పొట్ట పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ అవ్వ ఇంటికి వెళ్లింది.

"అవ్వా, మా అత్తమ్మకి ఒకటి కావాలి. పెద్దది."

"దర్సియెమ్‌కా?" అవ్వ తమలపాకు నమలడం ఆపింది. "దాని ముందు నా ఆటలు సాగవే."

"ఎందుకు సాగవు?"

"ఎందుకంటే ఎందుకో... పద, చూద్దాం."

దర్సియెమ్‌ని ఒప్పించి చాప మీద బోర్లా పడుకోబెట్టేసరికి దేవుడు కనిపించాడు. అవ్వ నూనె రాసింది, మడమ పట్టింది, వేళ్లు వంచింది. పిక్క ఇనుములా ఉంది. అవ్వ కళ్లు మూసుకుని మెడ చాచింది. కీచుమని పిల్లిపిల్ల కూసినంత చప్పుడు వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి అదీ లేదు. త్రేన్పు రాకపోతే అత్తగారు లేచి తిన్నగా తొట్టిలోకే వెళుతుంది.

"ఏమిటవ్వా, వయసైపోయిందా?" అంది దర్సియెమ్ చాపలో మొహం పెట్టుకునే. "పర్యో కడుపులో ఉన్నప్పుడు ఇదే గదిలో మా అత్తగారికి గుండెలదిరేలా వినిపించావే! ఆ పాటిదైనా రాదేం?"

రుమిని చాప దగ్గరికి జరిగింది. "మీకు... మీకూ..."

"నాకు కాక ఇంకెవరికి? మా అత్తగారు నీ అత్తగారి లాంటిది కాదు తల్లీ, తొక్కమంటే తొక్కవలసిందే. ఈ అవ్వ త్రేన్పు లేకపోతే నీకు మొగుడే లేడు."

"అంటే ఆ రోజు మీకు తెలిసే అవ్వని పిలిపించారా?"

దర్సియెమ్ మెడ తిప్పి కోడలివంక చూసింది. "అనాసపండు ముక్క ఇస్తే పక్కకి తోశావు చూడు, ఆ రోజే తెలిసింది. పోయినసారి నా నోటితో నేనే వీధంతా చాటి దిష్టి పెట్టానని ఒకటే బాధ. ఈసారి నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నేనే పని మానమంటే ఎందుకని నలుగురూ ఆరా తీస్తారు. గాలి మానమంటే ఎవరూ అడగరు."

"ఇద్దరూ కలిసి నాచేత ఎంత అరిపించార్రా!" అంది అవ్వ. "నేనేమో ఇది నిజంగానే తిడుతోందని రెండోది కూడా వదిలాను. గొంతు పోయింది నాకు!"

ముందు దర్సియెమ్ కిసుక్కుమంది. తరవాత చాపంతా ఊగిపోయేలా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా పర్యో కూడా చూసి ఎరగడు. ఆ నవ్వు చూసి అవ్వ నవ్వింది. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నంతలో, ఎవరూ పిలవకుండానే, వచ్చేసింది. కోళ్లు గోడెక్కాయి. మేక అరిచింది. "మళ్లీ ఎవరికండీ?" అని వీధిలోంచి కస్మిన్.

"విన్నావుగా," అంది దర్సియెమ్ కళ్లు తుడుచుకుని, హాయిగా తలకింద చెయ్యి పెట్టుకుంటూ. "నా ఒంట్లో గాలి ఉందట. నేనేం చెయ్యను? ఒరేయ్ పర్యో! ప్యాంటు మడుచుకుని తొట్టిలో దిగు."

పర్యో దిగాడు. ఎంతోసేపు కాకుండానే పెరట్లోంచి కేక వచ్చింది. "అమ్మా! పిక్క!"

"నేను తొక్కలేదూ?" అని అత్తాకోడళ్లు ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు.

అవ్వ టీ తాగడానికి అరుగు మీదికి వెళ్లింది. రుమిని చాప పక్కన చతికిలబడి, అరచేతిలో నూనె పోసుకుంది. అవ్వ పట్టినట్టే అత్తగారి మడమ పట్టుకుని, వేళ్లు పైకి వంచి, పిక్క మీద చెయ్యి సాగదీసింది. పెళ్లినాటినుంచి ఆ కాళ్లని ముట్టుకోవడం అదే మొదలు. పాదాలు గరుకుగా, పగుళ్లుబారి ఉన్నాయి. తన వంతు తొక్కుడంతా తొక్కిన కాళ్లు. థాంక్స్ లాంటి మాటలు ఆ ఇంట్లో వాడరు. వాడినా అత్తగారు తిట్టేది. అందుకని రుమిని ఇంకాస్త నూనె పోసుకుని ఇంకాస్త మెత్తగా పట్టింది.

అంతలో, నిండు పొట్ట వల్లనో మరి దేనివల్లనో, రుమిని గొంతులోంచి సాగదీసి ఒక త్రేన్పు వచ్చేసింది. ఆమె సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దర్సియెమ్ మొహం చాపలోంచి ఎత్తలేదు. "అసలుదేనా?"

"ఏమో అత్తమ్మా, నాకూ తెలీదు."

"తెలీకపోతే ఎందుకైనా మంచిది," అంది దర్సియెమ్ కళ్లు మూసుకుంటూ, "రేపు కూడా పడుకుంటాలే."